చామనచాయకు కొలబద్ద

మనిషి మేనిరంగును చెప్పడానికి తెలుగులో ‘చామనచాయ’ అన్న చక్కని మాట ఒకటి ఉన్నది. అది నలుపు కాదు, తెలుపు కాదు. ఎరుపూ పసుపూ ఇంచుమించు సమపాళ్ళలో కలిసి, నీడలో ఒక విధంగానూ ఎండలో మరొక విధంగానూ కనిపించే రంగు. మన దేశంలో ఏ కుటుంబపు ఆల్బం తెరిచినా ఎక్కువ చోటు ఆక్రమించుకునేది ఆ రంగూ, దానికి అటూ ఇటూ ఉండే రంగులే. ఇంట్లో ఫొటో ప్రింటర్ పెట్టుకున్నవారు మొట్టమొదట పోగొట్టుకునేది కూడా దానినే. కంప్యూటర్ తెరమీద నాయనమ్మ ముఖం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కాగితం మీదికి దిగేసరికి ఇటుకపొడి అద్దినట్టు ఎర్రబడుతుంది. లేదా బూడిద పూసినట్టు పాలిపోతుంది. ఆమె ఇప్పుడు లేకపోతే, పోల్చి చూసి సరిచేయడానికి ఎదుట మనిషి కూడా ఉండదు. కొన్నేళ్ళు గడిచేసరికి మునిమనుమలకు ఆ ఇటుకరంగే ముత్తవ్వ రంగు అయి కూర్చుంటుంది.

ఇటువంటప్పుడు సామాన్యంగా జరిగేది అందరికీ అనుభవమే. ఎరుపు కాస్త తగ్గించి మరొకటి అచ్చువేస్తారు. ముఖం సర్దుకుంటుంది గాని వెనుక ఉన్న గోడ పచ్చబడుతుంది. గోడను సరిచేస్తే చీర చెడుతుంది. నాలుగైదు కాగితాలు చెత్తబుట్టలో పడ్డాక, సిరా సగం అయిపోయాక, ‘ఈ ప్రింటర్ ఇంతే’ అన్న తీర్మానానికి వస్తారు. నిజానికి చాలా సందర్భాలలో ప్రింటర్ తప్పేమీ ఉండదు. దానికి ఎవరూ రంగు సంగతి చెప్పలేదు. అంకెలు మాత్రమే చెప్పారు.

అంకెలకూ రంగుకూ గల తేడాను వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. కూరలో రెండు చెంచాల కారం వేయమని ఒక పుస్తకం రాస్తుంది. గుంటూరు మిరపపొడి రెండు చెంచాలు వేస్తే కళ్ళవెంట నీళ్ళు కారతాయి. బ్యాడిగి మిరపపొడి అంతే వేస్తే కూరకు ఎర్రటి రంగు వస్తుంది గాని నాలుక మండదు. చెంచాల లెక్క ఒకటే, ఫలితం వేరు. కంప్యూటర్ దాచుకున్న ఫొటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని, 0 నుంచి 255 వరకు. అవి చెంచాల వంటివి. ఒకే మూడు అంకెలను రెండు ప్రింటర్లకు ఇస్తే రెండు వేర్వేరు రంగులు వస్తాయి. ఒకే ప్రింటర్‌లో కాగితం మార్చినా వేరే రంగు వస్తుంది.

కనుక యంత్రాలతో నిమిత్తం లేకుండా, మనిషి కన్ను చూసే రంగునే కొలిచే పద్ధతి ఒకటి కావాలి. అది 1931లోనే ఏర్పడింది. 1920ల చివరి సంవత్సరాలలో ఇంగ్లండులో డేవిడ్ రైట్ పదిమందిని, జాన్ గిల్డ్ ఏడుగురిని కూర్చోబెట్టి, ఒక పక్క చూపిన రంగుకు సరిపోయేలా మరొక పక్క మూడు కాంతులను కలిపించారు. ఇద్దరి ప్రయోగాలూ వేరువేరుగా జరిగినా ఫలితాలు దగ్గరగా వచ్చాయి. ఆ పదిహేడు మంది కళ్ళ సగటును అంతర్జాతీయ దీప్తి సంఘం ‘ప్రామాణిక పరిశీలకుడు’గా స్వీకరించింది. నేడు లోకంలో జరిగే రంగు కొలతలలో ఎన్నో ఆ పదిహేడు మంది చూపు మీదనే నిలబడి ఉన్నాయంటే ఆశ్చర్యం కలుగుతుంది.

అదే సంఘం 1976లో మరొక సులభమైన లెక్కను ప్రకటించింది. అందులో ఏ రంగునైనా మూడు సంఖ్యలతో చెబుతారు. మొదటిది వెలుగు: 0 అంటే కటికనలుపు, 100 అంటే తెలుపు. రెండవది ఆకుపచ్చ వైపు నుంచి ఎరుపు వైపుకు పోయే కొలత. మూడవది నీలం వైపు నుంచి పసుపు వైపుకు పోయేది. 1976లోనే వెలువడిన మాక్‌బెత్ కలర్‌చెకర్ అనే ఇరవైనాలుగు గళ్ళ అట్టను ఫొటోగ్రాఫర్లు ఇప్పటికీ వాడుతున్నారు. అందులో మొదటి గడి ముదురు మేనిరంగు. దాని కొలత దాదాపు 38, 14, 14. ఎరుపూ పసుపూ సరిసమానంగా ఉన్నాయని పాఠకులు గమనించే ఉంటారు. ఇప్పుడు ఎరుపు ఒక్కటీ 14 నుంచి 20కి పోయిందనుకుందాం: అది ఇటుకరంగు ముఖం. పసుపు 14 నుంచి 8కి దిగిందనుకుందాం: అది బూడిద ముఖం. ఆకాశపు నీలంలో ఇంత మార్పు వస్తే పట్టించుకునేవారు అరుదు. ముఖంలో వస్తే మాత్రం ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుస్తుంది.

ఈ మేనిరంగు విషయంలో ఫొటో పరిశ్రమకు గొప్ప చరిత్ర ఏమీ లేదు. 1950ల నుంచి కొడాక్ సంస్థ ఫొటో లాబులకు ఒక నమూనా చిత్రం పంపేది. అందులో ఒక తెల్లజాతి యువతి ఉండేది. కొడాక్‌లో పనిచేసిన షర్లీ పేజ్ అనే మోడల్ పేరున ఆ అట్టలన్నింటికీ, తరువాత బొమ్మలోని స్త్రీలు మారినా, ‘షర్లీ కార్డు’ అనే పేరు స్థిరపడిపోయింది. లాబులో యంత్రాన్ని ఆమె చర్మం సహజంగా కనిపించేటట్టు సరిచేసేవారు. తక్కినవారి ముఖాలు ఎలా వస్తే అలా వచ్చేవి. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన వ్యాసంలో ఈ కథంతా వివరించారు. ముదురు గోధుమరంగులను ఫిల్ము సరిగా పట్టుకోవడంలేదని కొడాక్‌కు బలంగా తెలియజేసినవారిలో చాక్లెట్ కంపెనీలవారూ, కలప సామాను తయారుచేసేవారూ ఉన్నారట! మనుషుల కోసం కానిది మిఠాయిల కోసం, బల్లల కోసం కదిలింది. వివిధ జాతుల స్త్రీలను పక్కపక్కన చూపే కార్డు 1990లలో గాని రాలేదు.

ఇంటి ప్రింటర్‌కు ప్రొఫైల్ తయారుచేసుకునే విద్యలో ఉన్న మేలు ఇక్కడే కనిపిస్తుంది. ఇందులో కొలమానం ఎవరి ముఖమూ కాదు. యంత్రం కొలుస్తుంది, కొలిచినది రాసుకుంటుంది. తెల్లగా వస్తేనే బాగున్నట్టు అన్న అభిరుచి దానికి లేదు.

ప్రొఫైల్ అంటే ఏమిటి? ఒక విధంగా అది రెండువైపుల నిఘంటువు. బ్రౌన్ దొర తెలుగు నుంచి ఇంగ్లీషుకు ఒకటి, ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఒకటి కూర్చినట్టే ఇందులోనూ రెండు భాగాలుంటాయి. ‘ఈ అంకెలు ఇస్తే ఈ ప్రింటర్ ఏ రంగు వేస్తుంది?’ అన్నది మొదటిది. ‘ఈ రంగు కావాలంటే ఈ ప్రింటర్‌కు ఏ అంకెలు ఇవ్వాలి?’ అన్నది రెండవది. మొదటిది కొలిచి తెలుసుకోవలసినది. రెండవది దానినుంచి లెక్కకట్టేది. అడోబ్, యాపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్, ఆగ్ఫా తదితర ఎనిమిది సంస్థలు కలిసి 1993లో ఏర్పరచిన అంతర్జాతీయ కలర్ కన్సార్షియం ఈ నిఘంటువుకు అందరూ చదవగల ఒక రూపం నిర్ణయించింది. అందుచేతనే కర్నూలులో అన్న అచ్చువేసిన తల్లిదండ్రుల ఫొటో, డల్లాస్‌లో తమ్ముడు వేరే ప్రింటర్ మీద అచ్చువేసినది, రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు పోలి ఉండే అవకాశం కలిగింది. ఇద్దరూ ఎవరి ప్రింటర్ నిఘంటువు వారు వాడాలి, అంతే.

ప్రింటర్ కొన్నప్పుడు దానితోపాటు కంపెనీ ప్రొఫైళ్ళు వస్తాయి కదా అని అడగవచ్చు. వస్తాయి, చాలావరకు మంచివే. అయితే అవి ఆ కంపెనీ సిరాకూ ఆ కంపెనీ కాగితాలకూ చేసినవి. మన ఇళ్ళలో సీసాతో నింపే సిరా ఒకరిది, బజారులో దొరికే నిగనిగలాడే ఫొటో కాగితం మరొకరిది. ఖరీదు చూస్తే ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కాని ఆ రెండూ మారినప్పుడు కంపెనీ ప్రొఫైల్ వేరే ఊరి మాండలికానికి రాసిన నిఘంటువు అవుతుంది. ప్రొఫైల్ ఏనాడూ ఒక ప్రింటర్‌కు చెందదు. ఒక ప్రింటర్, ఒక సిరా, ఒక కాగితం, ఒక అమరిక – ఈ నాలుగింటి కలయికకు చెందుతుంది. చౌక సిరా వాడేవారికే సొంత ప్రొఫైల్ అవసరం ఎక్కువ.

తయారుచేసే విధానంలో కష్టం లేదు గాని ఓపిక కావాలి. ముందుగా నాజిళ్ళు అన్నీ పనిచేస్తున్నాయో లేదో పరీక్ష గీతలు అచ్చువేసి చూడాలి. ఒక్క నాజిల్ మూసుకుపోయి ఉన్నా కొలత అంతా ఆ లోపానికి చేసినదవుతుంది. తరువాత డ్రైవర్‌లో కాగితం రకం, నాణ్యత నిర్ణయించుకోవాలి. సిరా ఎంత పడాలన్నది ఆ అమరికను బట్టే ఉంటుంది కనుక, నిర్ణయించినది కాగితం మీద రాసిపెట్టుకుని ఇక మార్చకూడదు. సిరా ఎక్కువై కాగితం తడిసి ముద్దవుతున్నా, నలుపులు కలిసిపోతున్నా, కాగితం రకాన్ని మార్చి చూడవలసింది ఈ దశలోనే.

ఆ పిమ్మట చార్టు. వందలాది చిన్న రంగుగళ్ళున్న పట్టిక ఇది. మూడు అంకెలతో చెప్పగల రంగులు మొత్తం 1,67,77,216. అన్నీ అచ్చువేయడం అసాధ్యం. కనుక ఒక్కొక్క అంకెకు తొమ్మిది మెట్లు తీసుకుంటే 729 గళ్ళవుతాయి; రెండు మూడు ఏ4 కాగితాలతో సరిపోతుంది. మధ్యలో ఉండే రంగులను సాఫ్ట్‌వేర్ ఊహించి లెక్కకడుతుంది. మేనిరంగులకూ బూడిదరంగులకూ అదనంగా గళ్ళు కలిపితే ఫలితం ఇంకా మెరుగ్గా ఉంటుంది. ఎరుపు, నీలాల కన్నా తటస్థమైన బూడిదరంగులోనే కంటికి చిన్న తప్పు కూడా దొరికిపోతుంది.

ఈ చార్టును అచ్చువేసేటప్పుడే ఎక్కువమంది పొరపడతారు. ఏ విధమైన రంగు సవరణా జరగకుండా, అంకెలు ఉన్నవి ఉన్నట్టు ప్రింటర్‌కు చేరాలి. డ్రైవర్‌లో ‘ఫొటో ఎన్‌హాన్స్’ వంటి పేర్లతో ఉండే సదుపాయాలన్నీ ఆపివేయాలి. ఫొటోషాప్‌లో ఒకప్పుడు రంగు నిర్వహణ లేకుండా అచ్చువేసే అవకాశం ఉండేది. 2010లో వచ్చిన సీఎస్5లో దానిని తీసివేశారు. ఇబ్బందిపడినవారి కోసం అడోబ్ సంస్థే తరువాత చార్టులు అచ్చువేయడానికి వేరుగా ఒక చిన్న ప్రోగ్రామును ఇవ్వవలసి వచ్చింది. సవరణతో అచ్చయిన చార్టును ఎంత ఖరీదైన పరికరంతో కొలిచినా వ్యర్థమే.

చార్టు తడి ఆరాలి. చేతికి అంటకపోతే ఆరినట్టు కాదు; సిరాలోని ద్రవాలు పూర్తిగా పోయి రంగు నిలకడకు రావడానికి ఒక రోజు ఆగడం మంచిది. వానాకాలంలో ఇంకొంత ఆగినా నష్టం లేదు. ఆత్రపడి గంటలో కొలిచినవారు, మరునాడు అదే చార్టును తిరిగి కొలిస్తే అంకెలు మారి ఉండటం చూస్తారు.

కొలిచేది స్పెక్ట్రోఫొటోమీటర్. అది గడిమీద తన దీపం వేసి, తిరిగివచ్చిన కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీస్తుంది. 380 నుంచి 730 నానోమీటర్ల వరకు, పదేసి నానోమీటర్ల చొప్పున, ముప్ఫయ్యారు చోట్ల ఎంతెంత కాంతి ఉన్నదో చూసుకుని, దానినుంచి ప్రామాణిక పరిశీలకుడి కంటికి ఏ రంగు కనిపిస్తుందో లెక్కకడుతుంది. ఇంట్లో ఉన్న స్కానర్‌తోనే ఈ పని చేయించే చిట్కాలు అప్పుడప్పుడు వినిపిస్తుంటాయి. వాటిని నమ్ముకోవడం మంచిది కాదు. స్కానర్‌కు మూడే వడపోతలుంటాయి, అవి మనిషి కన్ను చూసినట్టు చూడవు. కంటికి ఒకటిగా కనిపించే రెండు సిరాలు దానికి రెండుగా కనిపించవచ్చు. మంచి పరికరం ధర చాలామంది ప్రింటర్ ధరకంటె ఎక్కువన్నది నిజమే. నలుగురు ఔత్సాహికులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. లేదా చార్టు అచ్చువేసి పంపితే కొలిచి ప్రొఫైల్ చేసి ఇచ్చే సేవలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఖర్చు లేదు: గ్రేమ్ గిల్ రూపొందించిన ఆర్గిల్ సీఎంఎస్ ఉచితంగా లభిస్తుంది. అది బొమ్మలతో పలకరించదు, ఆదేశాలు టైపు చేయాలి. పనితనంలో మాత్రం ఎవరికీ తీసిపోదు.

కాగితం తెల్లదనం దగ్గర ఒక చిక్కున్నది. తెల్లబట్టలకు నీలిమందు పెట్టినట్టే కాగితాలకు కూడా మెరుగుమందులు కలుపుతారు. ఇవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలికాంతిగా వెదజల్లుతాయి. పగటివెలుగులో కాగితం ధగధగలాడుతుంది. అతినీలలోహితం లేని దీపం కింద ఆ మెరుగు మాయమవుతుంది. కొలిచే పరికరం ఆ నీలాన్ని లెక్కలోకి తీసుకుంటే, దానిని చంపడానికి ప్రొఫైల్ లేతరంగులలో పసుపు కలుపుతుంది. అందుకని కొత్త పరికరాలలో ఎం0, ఎం1, ఎం2 అని కొలత రీతులు పెట్టారు. ఎం2లో అతినీలలోహితాన్ని వడగట్టి కొలుస్తారు. మెరుగుమందు తక్కువ ఉన్న కాగితం వాడటం అన్నింటికన్నా సుఖమైన మార్గం. కుటుంబ చిత్రాలకు అదే తగినది కూడా, ఎందుకంటే ఆ మందు కాలక్రమాన తన శక్తి కోల్పోతుంది.

ప్రొఫైల్ తయారయ్యాక కూడా ప్రింటర్ చేతకాని రంగులను చేయలేదు. పెళ్ళికూతురి రాణీరంగు పట్టుచీర, బంతిపూల కాషాయం తెరమీద వెలిగినంతగా కాగితం మీద వెలగవు. అప్పుడు ఏం చేయాలన్నదానికి రెండు ముఖ్యమైన పద్ధతులున్నాయి. పాట పై స్థాయి గొంతుకు అందనప్పుడు గాయకుడు శ్రుతి తగ్గించుకుని మొత్తం పాటను కిందికి దించి పాడవచ్చు. స్వరాల మధ్య దూరం చెడదు. లేదా తన శ్రుతిలోనే పాడుతూ, అందని స్వరం వచ్చిన చోట అందినంత మేర పాడి ఊరుకోవచ్చు. మొదటిదాన్ని ‘పర్సెప్చువల్’ అనీ రెండవదాన్ని ‘రిలెటివ్ కలరిమెట్రిక్’ అనీ అంటారు. చీరలూ పూలదండలూ నిండిన చిత్రానికి మొదటిది మేలు. ముఖం ఒక్కటే ఉన్న చిత్రానికి రెండవది వాడాలి, చామనచాయ ఎలాగూ ఏ ప్రింటర్‌కైనా అందే రంగే.

అచ్చువేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రొఫైల్ ఎంచుకుని, డ్రైవర్ సవరణను ఆపి ఉంచాలి. ఆపకపోతే సవరించినదాన్నే మళ్ళీ సవరించడం జరుగుతుంది. ఒకసారి అనువదించిన వాక్యాన్ని, అనువాదం కాలేదనుకుని మరొకరు తిరిగి అనువదించినట్టుంటుంది వ్యవహారం. ప్రొఫైల్ చేసుకున్నా ముఖాలు ఎర్రబడుతున్నాయని వాపోయేవారి ఇళ్ళలో తరచుగా కనిపించే కారణం ఇదే.

అచ్చు మరీ నల్లగా వచ్చిందన్న ఫిర్యాదుకు మూలం మాత్రం సాధారణంగా తెరలో ఉంటుంది. కొత్త మానిటర్లు దుకాణంలో మెరవడానికి విపరీతమైన వెలుతురుతో వస్తాయి. చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాల వరకు తగ్గించి, తెరకు కూడా ప్రొఫైల్ చేసుకుంటేనే పోలిక న్యాయంగా ఉంటుంది. ఇక అచ్చును ఎక్కడ చూడాలి? పట్టుచీర కొనే ఇల్లాలికి ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. కొట్లో దీపాల కింద చూసినది చాలక, చీరను గుమ్మంలోకి తెచ్చి పగటివెలుగులో మడత విప్పి చూస్తుంది. ముద్రణరంగంలో ప్రమాణంగా పెట్టుకున్నది కూడా 5000 కెల్విన్ల పగటివెలుగునే. పసుపుపచ్చని బల్బు కింద చూసి ప్రొఫైల్‌ను తిట్టడం న్యాయం కాదు.

ఈ శ్రమ అంతా ఎక్కువగా అక్కరకు వచ్చేది పాత ఫొటోల విషయంలో. 1970, 80లలో తీసిన రంగుఫొటోలు ఇప్పుడు అనేక ఇళ్ళలో ఎర్రగా మారి ఉన్నాయి. ఆ కాలపు చాలా కాగితాలలో సయాన్ రంగు, వెలుతురు తగలకుండా ట్రంకుపెట్టెలో దాచినా సరే, తక్కిన రంగులకంటె ముందుగా వెలిసిపోవడం దానికి కారణం. స్కాన్ చేసి, పోయిన సయాన్‌ను తెరమీద తిరిగి నింపవచ్చు. ఎంత నింపాలన్నది ఆ మనుషులను చూసిన పెద్దవారు పక్కన కూర్చుని చెప్పవలసిన మాట; ఏ పరికరమూ చెప్పలేదు. ఆ పెద్దవారికి తెరమీద ‘అవును, మా అమ్మ ఇలాగే ఉండేది’ అనిపించిన రంగును చెక్కుచెదరకుండా కాగితానికి చేర్చడం వరకే ప్రొఫైల్ పని. చెప్పగలవారు ఉన్నప్పుడే ఆ పని పూర్తిచేసుకోవాలి.

సిరా బ్రాండు మారినా, కాగితం మారినా చార్టు మళ్ళీ అచ్చువేయాలి. ప్రొఫైల్ ఫైలు పేరులోనే కాగితం, సిరా, అమరిక, తేదీ ఉంచడం మంచి అలవాటు. మొదటి చార్టు వెనుక కూడా అవే వివరాలు పెన్సిల్‌తో రాసి, కవరులో పెట్టి చీకట్లో దాచాలి. ఆరు నెలలకొకసారి బూడిదరంగు గళ్ళ వరుస ఒక్కటి కొత్తగా అచ్చువేసి, ఆరనిచ్చి, కిటికీ పక్కన దానితో పోల్చిచూస్తే ప్రింటర్ ఎంత జరిగిందో తెలుస్తుంది.